ఓడకు అభయం

వరంగల్లు కేంద్రం నుండి ప్రసారితమైన ప్రసంగ పాఠం



ఇటీవల మా కేంద్రానికి ఒక ఉత్తరం వచ్చినది. రాసినవారు హనుమకొండకు సమీపంలోని ఒక గ్రామపు రైతు. వారి కుమారుడు వెల్డింగు పని నేర్చుకొని, విశాఖపట్నం షిప్‌యార్డులో అప్రెంటిసుగా చేరగోరుతున్నాడట. తండ్రీకొడుకులిద్దరూ ఒకసారి వెళ్ళి ఆ ప్రాంతమంతా చూసి వచ్చినారు. ఆ తండ్రిగారు రెండు ప్రశ్నలు అడిగినారు. మొదటి ప్రశ్న: “మేము బస్సు దిగిన చోటి పేరు సింధియా అన్నారు. సింధియా అంటే గ్వాలియరు రాజుల ఇంటిపేరు గదా? ఆ పేరు మన తెలుగు సముద్రతీరానికి ఎట్లా వచ్చినది?” రెండవ ప్రశ్న ఇంకా సూటిగా ఉన్నది: “అక్కడి ఓడల పని అంతా సర్కారూ, మిలిటరీ వారూ ఇచ్చే ఆర్డర్ల మీదనే నడుస్తుందని చెప్పినారు. ఒక్క గిరాకీదారు మీద ఆధారపడిన కొలువును నమ్మి కొడుకును పంపవచ్చునా?”

మొదటి ప్రశ్నకు సమాధానం చరిత్రలో ఉన్నది. రెండవ ప్రశ్నకు సమాధానం కూడా ఆ చరిత్రలోనే దొరుకుతుందని నా నమ్మకం. అందుచేత ఈ రెండింటినీ కలిపి నేటి ప్రసంగానికి విషయంగా గ్రహించినాను.

ఓరుగల్లు వాడికి ఓడల సంగతి ఏమి తెలుసునని శ్రోతలు అనుకోవచ్చు. మనకు చెరువులే సముద్రాలు. పాకాల, రామప్ప, లక్నవరం దాటితే అంతకు మించిన నీరు మన కంటికి కనబడదు. కాని తెలుగునాట ఓడవర్తకుల విషయమై రాజు ఇచ్చిన మాటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఈ ఓరుగల్లు ఏలినవారు ఇచ్చినదే. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరంలో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించినాడు. ఆ మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలో, చినగంజాం సమీపాన ఉన్నది. అభయశాసనమని దానిని చరిత్రకారులు పిలుస్తారు.

దాని సారాంశం ఇది. పూర్వపు రాజులు, తుపానుకు చిక్కి తమ తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారాన్నీ, ఏనుగులనూ, గుర్రాలనూ, రత్నాలనూ బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. ధనం ప్రాణం కన్నా ప్రియమైనదని ఎరిగి, సముద్రయానమనే సాహసానికి పూనుకొన్నవారి మీద దయతో, కీర్తి కొరకూ ధర్మం కొరకూ, నిర్ణీతమైన సుంకం తప్ప మిగిలినదంతా మేము విడిచిపెట్టుచున్నాము అని గణపతిదేవుడు ప్రకటించినాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పది వంతులలో ఒక వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, పగడం, రాగి, మిరియాలు మొదలైన సరుకులన్నింటికీ ఎంతెంతో ఆ రాతి మీదనే చెక్కించినాడు.

ఇందులో గమనింపదగిన విషయం ఒకటి కలదు. రాజు ఆ శాసనంలో వర్తకునికి డబ్బు ఇవ్వలేదు, ఓడ ఇవ్వలేదు. తన చేతికి తానే హద్దు గీసుకొన్నాడు. ఇంత మాత్రమే తీసుకొంటాను, ఇంతకు మించి ముట్టను అన్నాడు. ఆ హద్దును చెరపరాని విధంగా రాతిలో నిలిపినాడు. ఓడవర్తకానికి గాలి, నీరు ఎంత అవసరమో పాలకుని మాట నిలకడ కూడా అంత అవసరమని ఆ కాలంలోనే మనవారు గుర్తించినారు. ఈ మాటను మనసులో ఉంచుకొని ఆరు శతాబ్దాలు దాటి ముందుకు వద్దాము.

ఆవిరి ఓడల కాలం వచ్చినది. ఆవిరి ఓడ ఏనుగు వంటిది. పని ఉన్నా లేకున్నా దాని మేత ఆగదు. సరుకు దొరకని నెలలో కూడా బొగ్గు ఖర్చు, కళాసీల జీతాలు, బీమా సొమ్ము, రేవు రుసుము చెల్లించవలసినదే. అందుచేత ఓడల కంపెనీ ఏదైనా ముందుగా వెదికేది నిలకడైన గిరాకీ. ఏటేటా తప్పక పని ఇచ్చి, తప్పక సొమ్ము చెల్లించే గిరాకీదారు ప్రభుత్వం కన్నా ఎవరున్నారు? టపా సంచులు ప్రతివారం వెళ్ళవలసినదే. సైన్యం కదలినపుడు మనుషులూ, గుర్రాలూ, మందుగుండూ ఓడలెక్కవలసినదే.

ఈ సూత్రాన్ని సంపూర్ణంగా గ్రహించినవాడు స్కాట్లండు దేశీయుడైన విలియం మకిన్నన్. 1856లో ఆయన కలకత్తా అండ్ బర్మా స్టీమ్ నావిగేషన్ కంపెనీని నెలకొల్పినాడు. కలకత్తా నుండి రంగూనుకు టపా చేరవేయడానికి ఈస్టిండియా కంపెనీతో కుదిరిన ఒప్పందమే దానికి పెట్టుబడి వంటిది. 1862లో అది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరు మార్చుకొన్నది. జనం నోట బి.ఐ. కంపెనీ అయినది. అబిసీనియా దండయాత్రకూ, దక్షిణాఫ్రికా యుద్ధానికీ, చైనా దండయాత్రకూ దాని ఓడలు సైనికులను మోసినవి. 1914లో ఆ కంపెనీ మరొక మహాసంస్థయైన పి. అండ్ ఓ.తో ఏకమైనది.

టపా ఒప్పందం ఎట్లా పనిచేస్తుందో కొంచెం వివరిస్తాను. ఓడ నిండినా, నిండకపోయినా, ఫలానా రోజున ఫలానా రేవుకు చేరాలి. అందుకు ఏటా ఇంత అని ప్రభుత్వం చెల్లిస్తుంది. ఖర్చులో ఒక భాగం అట్లా ముందే గిట్టిపోతుంది. కనుక మిగిలిన సరుకుకు కిరాయి తగ్గించినా కంపెనీకి నష్టం రాదు. అదే దారిలో కొత్తగా ఓడ తిప్పేవానికి ఆ ఆధారం లేదు. ఒకడు బండికి ఎద్దులను సర్కారు గడ్డితో మేపుతాడు, రెండవవాడు సంతలో కొని మేపుతాడు. ఇద్దరి మధ్య పోటీ ఎట్లా ఉంటుందో రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మన తెలుగువారికి ఈ కంపెనీతో సంబంధం టపా సంచుల ద్వారా కాదు, డెక్కు ద్వారా. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి వేలాది కూలీలు ఏటేటా బర్మా వెళ్ళేవారు. దానినే మనవారు రంగం పోవడం అన్నారు. వరికోతలకూ, బియ్యపు మిల్లులకూ, రంగూను రేవులో మూటలు మోయడానికీ వెళ్ళేవారు. కోరంగి రేవు పేరు మీదుగా తెలుగువారికి అక్కడ కోరంగీలని పేరే స్థిరపడినది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరవాసులలో సగానికి పైగా భారతీయులే. వారిలో తెలుగువారి సంఖ్య పెద్దది.

మలయాకు వెళ్ళే తెలుగు కూలీలు మద్రాసులో ఓడ ఎక్కేవారు. ఆ దారిలో తిరిగిన బి.ఐ. ఓడలలో రజులా అన్నది ప్రసిద్ధం. 1926లో కట్టిన ఆ ఓడకు మొదట్లో 5,000కు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకొనే అనుమతి ఉండేది. డెక్కు ప్రయాణం అంటే గది లేదు, మంచం లేదు. చాప పరచుకొన్నంత మేరే ప్రయాణికుని ఇల్లు. రెండవ ప్రపంచయుద్ధం వచ్చేసరికి అదే ఓడ, అదే డెక్కు, సైనికుల రవాణాకు పోయినది. ప్రభుత్వం అడిగిననాడు ఓడ ప్రభుత్వానిది. అడగనినాడు కూలీలది. ఈ వరుస క్రమాన్ని మరువరాదు.

దాని ఫలితం 1942లో కనబడినది. జపాను సేనలు బర్మాలో ప్రవేశించినపుడు ఓడలలో చోటు కొద్దిమందికే దొరికినది. లక్షలాది భారతీయులు, వారిలో తెలుగు కూలీలు ఎందరో, అడవుల వెంట, కొండల వెంట కాలినడకన స్వదేశానికి బయలుదేరినారు. దారిలోనే ఎందరో ప్రాణాలు విడిచినారు. ఎవరి కిరాయి సొమ్ముతో ఏళ్ళ తరబడి ఓడలు నిండినవో వారికే ఆపద సమయంలో ఓడ లేకపోయినది. ఓడల కంపెనీ ఎవరిది, అది ఎవరి మాట వింటుంది అన్న ప్రశ్న కేవలం వ్యాపారస్థుల ప్రశ్న కాదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఈ సంగతి గ్రహించిన దేశీయులు ముందే లేకపోలేదు. 1906లో తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్ళై స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించినారు. తూత్తుకుడికీ కొలంబోకూ నడుమ ఓడలు నడిపినారు. పోటీగా బి.ఐ. కంపెనీ టిక్కెట్టు ధరను అడుగంటా తగ్గించినది. 1908లో చిదంబరం పిళ్ళై రాజద్రోహ నేరం మీద చెరసాల పాలైనారు. కంపెనీ నిలువలేదు. సర్కారు గడ్డి తిన్న ఎద్దు గెలిచినది.

ఇప్పుడు మన శ్రోత అడిగిన మొదటి ప్రశ్నకు వస్తున్నాను. సింధియా ఎవరు?

1890లో ఇంగ్లండులో ఒక పెద్ద ఓడను కట్టినారు. దాని పేరు ఎంప్రెస్ ఆఫ్ ఇండియా. కెనడా నుండి పసిఫిక్ సముద్రం మీదుగా తూర్పు దేశాలకు టపా మోసే ఓడ అది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైన పిదప గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియా దానిని కొని, భారత సైనికుల కొరకు ఆసుపత్రి ఓడగా మార్పించినారు. దానికి లాయల్టీ, అనగా రాజభక్తి, అని పేరు పెట్టినారు. యుద్ధం ముగిసినది. ఆసుపత్రి ఓడతో మహారాజుకు పని లేకపోయినది. ఆ ఓడను కొన్నవారు బొంబాయి వ్యాపారస్థులైన వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ, వారి మిత్రులు. 1919 మార్చిలో వారు స్థాపించిన సంస్థకు ఓడ పాత యజమాని వంశనామాన్నే పెట్టి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అన్నారు. 1919 ఏప్రిల్ 5వ తేదీన లాయల్టీ బొంబాయి నుండి లండనుకు బయలుదేరినది. 1964 మొదలు ఆ తేదీనే మన దేశంలో జాతీయ నౌకాయాన దినంగా పాటిస్తున్నారు.

విశేషమేమంటే, టపా మోసి, సైన్యానికి సేవ చేసి, రాజభక్తి అని పేరు పెట్టించుకొన్న ఓడతోనే స్వదేశీ నౌకాయానం మళ్ళీ మొదలైనది. అయితే పేరులోని భక్తి ప్రభుత్వ ఆదరణను తేలేదు. ఆ సంస్థకు టపా ఒప్పందం లేదు, సైనిక రవాణా లేదు. కలిగినది పోటీ మాత్రమే. ఓడకేవు, అనగా రవాణా కిరాయి, పడిపోసాగినది.

దానికి తోడు రిబేటు పద్ధతి ఒకటి ఉండేది. మన గంజిలో అడ్తిదారు ఒకడు, “ఈ యేడంతా మిర్చి నా దుకాణానికే తెస్తే, మీదట కమీషనులో కొంత తిరిగి ఇస్తాను, మధ్యలో ఒక్క బస్తా పక్క దుకాణంలో వేసినా ఆ సొమ్ము దక్కదు” అన్నాడనుకోండి. రైతు ఇక కదలగలడా? విదేశీ ఓడల కంపెనీలు వర్తకులను కట్టివేసినది సరిగా ఈ తాడుతోనే. కొత్త కంపెనీ కిరాయి తక్కువైనా, పాత రిబేటు పోతుందన్న భయంతో వర్తకుడు దాని వైపు చూసేవాడు కాదు.

చివరికి 1923లో సింధియా కంపెనీ పది సంవత్సరాల ఒప్పందానికి తలవంచినది. భారత, బర్మా, సింహళ తీరాలలోనే సరుకు మోయాలి, ఓడల మొత్తం పరిమాణం ఒక హద్దు మించరాదు అన్నది దాని సారం. అవతలి పక్షాన సంతకానికి మూలమైన వ్యక్తి బి.ఐ. అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్. ఆ రోజులలోనే భారత ప్రభుత్వపు ఖర్చులు తగ్గించేందుకు ఏర్పడిన సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ప్రభుత్వానికి ఓడలు కిరాయికి ఇచ్చేవాడే ప్రభుత్వపు లెక్కలను తనిఖీ చేసేవాడు కూడా అయినపుడు తక్కెడ ఎటు మొగ్గుతుందో శ్రోతలే ఊహించుకోవచ్చు.

దేశీయులు ఊరకుండలేదు. తీరప్రాంత నౌకాయానం భారతీయుల ఓడలకే ప్రత్యేకింపబడాలని 1928లో ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టినారు. అది చట్టం కాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాతనే ఆ కోరిక తీరినది. కాని 1927లో ఒక మేలు జరిగినది. డఫరిన్ అనే పాత సైనిక రవాణా ఓడను భారతీయ యువకులకు నౌకాధికారులుగా శిక్షణ ఇచ్చే పాఠశాలగా మార్చినారు. అంతవరకు మనవారు కళాసీలుగా పొయ్యి వద్ద బొగ్గు ఎగదోసినారే గాని, అధికారులుగా పైమెట్టు మీద నిలిచినవారు అరుదు.

ఓడలు నడపడం ఒక ఎత్తు, ఓడలు కట్టడం మరొక ఎత్తు. ఇతరుల వద్ద ఓడలు కొన్నంతకాలం తాడు వారి చేతిలోనే ఉంటుందని వాల్‌చంద్ గ్రహించినారు. మొదట కలకత్తాలో స్థలం కొరకు ప్రయత్నించినారు. అనుకూలపడలేదు. అప్పుడు ఆయన దృష్టి 1933లో పెద్ద ఓడలకు తెరిచిన విశాఖపట్నం రేవు మీద పడినది. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడ నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసినారు. ఆ ఆవరణకు గాంధీగ్రామం అని పేరు పెట్టినారు. ఈ విధంగా గ్వాలియరు వారి ఇంటిపేరు బొంబాయి మీదుగా తెలుగు తీరానికి చేరినది. ఇదే ఆ బస్సు ఆగే చోటు పేరు వెనుక ఉన్న కథ.

శంకుస్థాపన జరిగి ఏడాది తిరగకముందే, 1942 ఏప్రిల్ 6వ తేదీన, జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసినవి. తీరమంతా భయంతో ఖాళీ కాసాగినది. ఓడల నిర్మాణం వెనుకబడినది. ఇక సింధియా వారి ఓడల మాట ఏమి? శాంతికాలంలో వాటికి పని ఇవ్వని ప్రభుత్వం యుద్ధకాలంలో వాటినే తీసుకొన్నది. మక్కా యాత్రికుల కొరకు ఆ సంస్థ నడిపిన ఓడ ఎల్ మదీనా. 1944 మార్చి 16వ తేదీన సైనికులతో కలకత్తా నుండి చిట్టగాంగు వెళ్ళుతూ, జపాను జలాంతర్గామి దెబ్బకు అది బంగాళాఖాతంలో మునిగిపోయినది. దాదాపు 380 మంది మరణించినారు. నెల తిరగకుండానే, 1944 ఏప్రిల్ 14వ తేదీన, బొంబాయి రేవులో మందుగుండు నింపిన ఓడ ఒకటి పేలినపుడు సింధియా వారి ఎల్ హింద్ కాలిపోయినది. యాత్రికులను మోయడానికి కట్టిన రెండు ఓడలూ యుద్ధానికి ఆహుతి అయినవి.

స్వాతంత్ర్యం వచ్చినది. 1948 మార్చి 14వ తేదీన విశాఖపట్నంలో జలఉష అనే ఓడను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సముద్రంలోకి విడిచినారు. 8,000 టన్నుల బరువు మోయగల ఆవిరి ఓడ అది. స్వతంత్ర భారతంలో నీటిలోకి దిగిన మొదటి పెద్ద ఆవిరి ఓడ మన తెలుగు తీరాన దిగినది. సింధియా వారు తమ ఓడల పేర్లను చాలావరకు జల అనే మాటతో మొదలుపెట్టేవారు. ఆ వరుసలో ఉష అన్నది తగిన పేరే.

కాని ఉషస్సు తరువాత ఎండ కూడా వస్తుంది. ఉక్కు పలకలు, యంత్రాలు విదేశాల నుండి రావాలి. పనివారు అప్పుడే నేర్చుకొంటున్నవారు. కనుక ఇక్కడ కట్టిన ఓడకు అయ్యే ఖర్చు బ్రిటన్‌లో కొనే ఓడ ధర కన్నా ఎక్కువ. తన ఓడలను తానే ఆర్డరు చేసుకొని ఎంతకాలం నడపగలదు ఆ సంస్థ? ఆర్డర్లు లేక శాల ఆగిపోయే స్థితి వచ్చినది. ప్రభుత్వం కొన్ని ఓడలకు తానే ఆర్డర్లు ఇచ్చి ఆదుకొన్నది. ఆపైన 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అనే కొత్త సంస్థ ఏర్పడినది. అందులో మూడింట రెండు వంతులు ప్రభుత్వానివి, ఒక వంతు సింధియా వారిది. ఓడ తయారీ ఖర్చుకూ, బ్రిటిష్ ధరకూ గల వ్యత్యాసాన్ని ప్రభుత్వం భరించే పద్ధతి వచ్చినది. 1961లో శాల పూర్తిగా ప్రభుత్వానిదైనది. ఆ ఏడు అక్టోబరు 2వ తేదీననే ప్రభుత్వపు రెండు నౌకాసంస్థలు కలిసి షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. 1973లో మన కూలీలను మోసిన ఆ ముసలి రజులాను బి.ఐ. వారి నుండి కొన్నది కూడా ఈ కార్పొరేషనే. రంగత్ అని పేరు మార్చి కొద్దికాలం నడిపినారు. మరుసటి సంవత్సరమే అది తుక్కు కింద పోయినది.

సింధియా కంపెనీ మాత్రం తరువాతి దశాబ్దాలలో అప్పుల భారంతో క్షీణించినది. దాని ఓడలు ఒక్కొక్కటే రంగం నుండి తప్పుకొన్నవి. కంపెనీ పోయినది, పేరు మిగిలినది. విశాఖలో రోజూ వేలమంది ఆ పేరు పలికి బస్సు ఎక్కుతారు, దిగుతారు. అందులో ఎంతమందికి లాయల్టీ ఓడ సంగతి తెలుసునో చెప్పలేము.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ప్రభుత్వమే, సైన్యమే గిరాకీదారుగా గల సంస్థను నమ్మవచ్చునా?

హిందుస్థాన్ షిప్‌యార్డు వ్యాపార ఓడలతో పాటు నౌకాదళానికి కూడా పనిచేసినది. సముద్రపు అడుగును కొలిచే దర్శక్ అనే సర్వే నౌక ఇక్కడ తయారై 1964లో నౌకాదళంలో చేరినది. 2010లో ఈ శాలను నౌకాయాన శాఖ నుండి రక్షణ శాఖకు బదిలీ చేసినారు. అప్పటి నుండి నౌకాదళమే దానికి ముఖ్యమైన గిరాకీదారు.

ఈ బంధంలోని మంచిచెడ్డలు రెండూ చెప్పాలి. సింధుకీర్తి అనే జలాంతర్గామి మరమ్మతుకు 2006లో ఇక్కడికి వచ్చినది. అది తిరిగి నౌకాదళానికి పనికివచ్చేసరికి 2015వ సంవత్సరం అయినది. గిరాకీదారు ఎక్కడికీ పోడు అన్న ధీమా పనివానికి ఎంత చేటు చేస్తుందో ఆ తొమ్మిదేళ్ళు చెప్పుతవి. సంతలో నలుగురు కొనేవారుంటే ఎవడో ఒకడు కసరుతాడు. ఒక్కడే కొనేవాడైతే వాని ఓర్పు తరిగినదాకా తప్పు తెలియదు.

రెండవ వైపు కూడా చూడాలి. దూరాన ఎగిరే క్షిపణుల జాడను సముద్రం మీద నుండి పసిగట్టే ధ్రువ్ అనే నౌకను ఇదే శాల కట్టినది. 2021 సెప్టెంబరులో అది జలప్రవేశ విధులు ముగించుకొని సేవలో చేరినది. సముద్రగర్భంలో ఆపదకు చిక్కిన జలాంతర్గామి సిబ్బందిని రక్షించేందుకు తోడ్పడే నిస్తార్ అనే నౌక 2025 జూలై 18న నౌకాదళానికి చేరినది. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం, ఆహారం, మందుగుండు అందించే ఐదు పెద్ద ఓడల నిర్మాణానికి 2023 ఆగస్టులో సుమారు 19,000 కోట్ల రూపాయల ఒప్పందం జరిగినది. సింధుకీర్తితో చెడిన పేరు మాటలతో కాదు, పనితో తిరిగి వచ్చినది.

ఉత్తరం రాసిన ఆ తండ్రిగారికి నేను మనవి చేసేది ఇది. ప్రభుత్వం గిరాకీదారు కావడం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. బి.ఐ. కంపెనీ ప్రభుత్వ పని మీదనే బ్రతికినది. ఆ బలంతో ఇతరులను అణచినది. చిదంబరం పిళ్ళై ప్రయత్నం ప్రభుత్వ విముఖత వల్ల కూలినది. జలఉష కట్టిన శాల ప్రభుత్వ ఆర్డరు లేకుంటే మూతపడేదే. అన్నిటిలోను తేడా తెచ్చినది ఒక్కటే. పాలకుడు ఎవరి కొరకు మాట ఇచ్చినాడు, ఆ మాటకు తాను ఎంతవరకు కట్టుబడినాడు, పని తీసుకొన్నవాడు గడువుకూ నాణ్యతకూ ఎంతవరకు కట్టుబడినాడు.

గణపతిదేవుని శాసనం ఒక పక్షం మాటను రాతిలో నిలిపినది: పాలకుడు తన హద్దు దాటడు. రెండవ పక్షం మాటను నిలిపేది రాయి కాదు, ఉక్కు. వెల్డరు వేసే ప్రతి అతుకూ ఒక సంతకం వంటిది. మెరుగుపెట్టి రంగు వేసిన తరువాత ఆ అతుకు బయటికి కనబడదు. కాని నడిసముద్రంలో, తుపాను నడుమ, ఆ అతుకు మీదనే వందలాది ప్రాణాలు ఆధారపడి ఉంటవి. ఎల్ మదీనా డెక్కు మీది సైనికులైనా, రంగం వెళ్ళిన మన కూలీలైనా, ఓడను నమ్మి ఎక్కినవారే. ఎవరు కట్టినారో వారికి తెలియదు. నమ్మకం ఒక్కటే తెలుసు.

కనుక, అయ్యా, మీ అబ్బాయిని సంకోచం లేకుండా పంపండి. ఆర్డర్ల సంగతి ఢిల్లీ చూసుకొంటుంది. అతుకు సంగతి అతడు చూసుకోవాలి. ఆ రెండూ సరిగా ఉన్నంతకాలం ఆ కొలువుకు ఢోకా లేదు. సముద్రాన పోయేవారికి అభయం ఇచ్చిన ఊరివాడు ఆ అభయాన్ని నిలబెట్టే పనికి వెళ్ళుతున్నాడంటే ఓరుగల్లుకు అంతకన్నా కావలసినది ఏమున్నది?